లాలాజలంలో వెసికిల్స్, నోటి క్యాన్సర్ గుర్తులు: గంజాం, రాయగడ, సిరొంచ వైపు చేయదలచినవారికి

#1 బరంపురం_బయో

అందరికీ నమస్కారం. ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల్లో గుడాకు (పళ్లకు రుద్దుకునే పొగాకు ముద్ద), గుట్కా, చుట్ట ఉన్నాయి. సముద్రం ఒడ్డు ఊళ్లలో పెద్దవయసు ఆడవాళ్లలో అడ్డపొగ (చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టి పీల్చడం) ఇంకా పోలేదు. నోటి పుండు ముదిరాక గానీ జనం ఆసుపత్రికి రావడం లేదు. ముక్క పరీక్షకు (బయాప్సీకి) భయపడేవాళ్లే ఎక్కువ. అందుకే ఉమ్మిలో, రక్తంలో కణాలు వదిలే అతి చిన్న పొర సంచుల్ని, అంటే వెసికిల్స్‌ని వేరుచేసి వాటిలో క్యాన్సర్ గుర్తులు చూసే చిన్న అధ్యయనం ఒకటి రాసుకున్నాం. 30 మంది రోగులు, 30 మంది ఆరోగ్యంగా ఉన్నవాళ్లు.

ఉన్న సామాను ఇది: 15 సెంటీమీటర్ల వ్యాసార్థం ఉన్న రోటర్‌తో మామూలు సెంట్రిఫ్యూజ్, మైనస్ 80 ఫ్రీజర్, రియల్ టైమ్ పీసీఆర్. అల్ట్రాసెంట్రిఫ్యూజ్ లేదు. ద్రవంలోని అతి చిన్న రేణువుల్ని (వీటినీ కణాలనే అంటాం) లెక్కపెట్టే ఎన్‌టీఏ యంత్రాన్ని బయట రుసుము కట్టి వాడుకోవాలి. రక్తం తీసుకోవాలా, ఉమ్మి తీసుకోవాలా? వెసికిల్స్ వేరుచేసే కిట్ కొంటే సరిపోతుందా? మిర్-21 అనే మైక్రో ఆర్‌ఎన్‌ఏ (జన్యువుల పనిని అదుపుచేసే చిన్న ఆర్‌ఎన్‌ఏ) ఒక్కటీ చూస్తే చాలా? తెలిసినవాళ్లు వివరంగా చెప్పండి.

#2 గోసాని_మాస్టారు

ముందు ఒక మాట. ప్రణాళికలో అన్నిచోట్లా "ఎక్సోసోమ్" అని రాసి ఉంటే తీసేయండి. కణం లోపలి ఎండోసోమ్ నుంచి వచ్చినవే ఎక్సోసోములు, 30 నుంచి 150 నానోమీటర్లు. కణపు పొర నుంచి నేరుగా ఊడిపడేవి మైక్రోవెసికిల్స్, 100 నుంచి 1,000 వరకు. పరిమాణాలు ఒకదానిమీద ఒకటి పడుతున్నాయి కాబట్టి, వేరుచేశాక ఏది ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ చెప్పలేరు. 200 నానోమీటర్ల లోపువాటిని "చిన్న వెసికిల్స్" అనడమే సరి. ఈ రంగంవాళ్ల మార్గదర్శకాలు, మైసెవ్ 2018, మైసెవ్ 2023, రెండూ ఇదే అంటాయి. సమీక్షకులు మొదట పట్టుకునేది కూడా ఇక్కడే.

ఇక మీ సెంట్రిఫ్యూజ్. ప్రోటోకాల్‌లో "3,000 ఆర్‌పీఎం" అని రాయకండి, జి విలువ (భూమి ఆకర్షణకు ఎన్ని రెట్లో) రాయండి. సూత్రం: 0.00001118 × వ్యాసార్థం సెంటీమీటర్లలో × ఆర్‌పీఎం వర్గం. మీ 15 సెంటీమీటర్ల రోటర్ 3,000 ఆర్‌పీఎంలో ఇచ్చేది 1,509 జి మాత్రమే. ప్లాస్మాలో ప్లేట్‌లెట్లు దింపడానికి 2,500 జి కావాలి, అంటే దాదాపు 3,860 ఆర్‌పీఎం. మీ మిషన్ అంత వేగం తట్టుకుంటుందో లేదో రోటర్ మీద రాసి ఉంటుంది, చూడండి.

నోటి క్యాన్సర్‌కైతే ఉమ్మితో మొదలుపెట్టమంటాను. పుండు ఉన్నచోటికి అదే దగ్గర, సూది అక్కర్లేదు, లైపోప్రోటీన్ల (కొవ్వును మోసే కణాల) పోరు తక్కువ. ప్లాస్మాలో వెసికిల్స్ కంటే లైపోప్రోటీన్ కణాలు లక్షల రెట్లు ఎక్కువ. వీఎల్‌డీఎల్ 30 నుంచి 80 నానోమీటర్లు, భోజనం తర్వాత వచ్చే కైలోమైక్రాన్లు అంతకంటే పెద్దవి. ఎన్‌టీఏ యంత్రానికి అవన్నీ చుక్కలే, వెసికిల్ ఏదో కొవ్వు ఏదో దానికి తెలియదు. రక్తం కూడా కావాలంటే పరగడుపున తీయండి.

#3 రాయగడ_ల్యాబ్

మాస్టారూ, ఉమ్మిలో పోరు తక్కువ అన్నారు, కానీ మ్యూసిన్ (ఉమ్మికి జిగటనిచ్చే ప్రోటీన్) సంగతో? జిగట వల్ల పిపెట్ కూడా సరిగ్గా లాగదు. పీఈజీ (పాలీఇథిలీన్ గ్లైకాల్) పోసి రాత్రంతా నాలుగు డిగ్రీల్లో పెట్టి, పొద్దున తిప్పితే తెల్లటి ముద్ద దిగుతుంది. చౌక, పెద్ద మిషన్ అక్కర్లేదు. మన జిల్లాల్లాంటి చోట్ల అదే నయం కదా?

#4 గోసాని_మాస్టారు

ముద్ద దిగుతుంది, నిజమే. అందులో వెసికిల్స్‌తో పాటు అమైలేజ్, మ్యూసిన్, ఇమ్యునోగ్లోబులిన్లు అన్నీ ఉంటాయి. పీఈజీ నీటిని లాక్కుని కరగనివన్నీ దించుతుంది, వెసికిలా ప్రోటీనా అని చూడదు. ముద్ద పెద్దదైతే సంతోషించకూడదు. దిగిన దాన్ని మళ్లీ పీబీఎస్ అనే ఉప్పు బఫర్‌లో కరిగించబోతే సగం కరగదు, మిగిలిన పీఈజీ పీసీఆర్‌కి అడ్డుపడుతుంది.

శుద్ధి చూసే ఒక లెక్క ఉంది. ఎన్‌టీఏలో వచ్చిన కణాల సంఖ్యను మైక్రోగ్రాముల ప్రోటీన్‌తో భాగించండి. మైక్రోగ్రాముకు 3,000 కోట్లు దాటితే శుద్ధి బాగున్నట్టు. 200 కోట్ల నుంచి 2,000 కోట్ల మధ్య అయితే అంతంతమాత్రం. 150 కోట్ల లోపైతే మీరు కొలుస్తున్నది ప్రధానంగా ప్రోటీనే. పీఈజీ ముద్దలు తరచూ ఈ చివరి గుంపులోనే పడతాయి.

అల్ట్రాసెంట్రిఫ్యూజ్ లేదని దిగులు వద్దు. సెఫరోజ్ సీఎల్-2బీ (పరిమాణాన్ని బట్టి విడదీసే జెల్ పూసలు) కాలమ్ చేత్తో కట్టుకోవచ్చు. పద్ధతి చెబుతాను.

20 శాతం ఇథనాల్‌లో వచ్చే సెఫరోజ్‌ని మూడుసార్లు పీబీఎస్‌తో కడగండి. ఆ పీబీఎస్ 0.1 మైక్రాన్ ఫిల్టర్‌లో వడకట్టి, గాలి బుడగలు తీసింది కావాలి. 10 మి.లీ. సిరంజి అడుగున సన్నటి నైలాన్ జాలీ పెట్టి 10 మి.లీ. పడక కట్టండి. పడక మీద నీరు ఎప్పుడూ ఆరకూడదు, ఆరితే పగుళ్లు వచ్చి ప్రోటీన్ ఆ పగుళ్లలోంచి ముందే దిగుతుంది. నమూనా అర మి.లీ. పోసి, అది పడకలో దిగాక పైనుంచి పీబీఎస్ పోస్తూ అర మి.లీ. చొప్పున గొట్టాల్లో పట్టండి. పడకలో మూడోవంతు ఖాళీ స్థలం కాబట్టి మొదటి 3 మి.లీ.లో ఏమీ రాదు. దాని వెనకే వెసికిల్స్, ఇంకాస్త ఆగాక ప్రోటీన్లు. కచ్చితంగా ఏ గొట్టంలో అనేది మీ కాలమ్‌ని బట్టి ఉంటుంది. అందుకని మొదటిసారి ఒక మామూలు నమూనాతో 20 గొట్టాల దాకా పట్టి, ప్రతిదాంట్లో ప్రోటీన్, వెసికిల్స్ పొర మీది ప్రోటీన్ సీడీ63కి డాట్ బ్లాట్ (యాంటీబాడీతో చుక్క పరీక్ష) రెండూ చూసి మీ కిటికీ, అంటే వెసికిల్స్ దిగే గొట్టాలు, మీరే గుర్తుపెట్టుకోండి. ప్రోటీన్ గీత లేవకముందే ఆపండి. ఆశపడి ఇంకో రెండు గొట్టాలు కలిపితే శుద్ధి పోతుంది.

పిస్టన్‌తో నెట్టకండి. సెఫరోజ్ మెత్తటిది, నలిగితే వేగం తగ్గి, విడదీసే శక్తి పోతుంది.

#5 వంశధార

దంతవైద్యం వైపు నుంచి కొన్ని విషయాలు. ఉమ్మి తీయడంలోనే సగం తప్పులు జరుగుతాయి.

రోగి గంట ముందు నుంచి ఏమీ తినకూడదు, తాగకూడదు, నమలకూడదు. గుడాకు పళ్లకు రుద్దుకునే అలవాటున్నవాళ్లు పొద్దున్నే రుద్దుకుంటారు, అందుకని "పళ్లు తోముకున్నారా" అని కాకుండా "గుడాకు పెట్టుకున్నారా" అని పేరుపెట్టి అడగాలి. మంచినీళ్లతో నోరు పుక్కిలించి, పది నిమిషాలు ఆగి, తల కాస్త ముందుకు వంచి కారనివ్వాలి. కాండ్రించి ఉమ్మితే గొంతు కళ్లె వస్తుంది, అది వేరే పదార్థం. మంచుగడ్డల్లో పెట్టిన 50 మి.లీ. గొట్టంలో 10 నుంచి 15 నిమిషాల్లో 5 మి.లీ. చాలు. నోరు తెరుచుకోని రోగులకు, అంటే సబ్‌మ్యూకస్ ఫైబ్రోసిస్ ఉన్నవాళ్లకు, అంత రాదు. వాళ్లకు సమయం పెంచండి. నిమ్మకాయ వాసన చూపించి ఉమ్మి పెంచకూడదు, ఊరించిన ఉమ్మి కూర్పే మారిపోతుంది.

తర్వాత వెంటనే అంతే పరిమాణం చల్లటి పీబీఎస్ కలిపి, నెమ్మదిగా తిప్పి, 300 జిలో 10 నిమిషాలు. పైది తీసి 2,500 జిలో 20 నిమిషాలు. అన్నీ 4 డిగ్రీల్లో. ఇదంతా ఉమ్మి తీసిన గంటలోపు అయిపోవాలి. ఆలస్యమైతే కణాలు చితికి వాటి ముక్కలే వెసికిల్స్‌లా తేలతాయి. 0.22 మైక్రాన్ ఫిల్టర్ నేరుగా పెట్టకండి, మ్యూసిన్‌తో నిమిషంలో మూసుకుపోతుంది. ముందు 0.8 మైక్రాన్ వాడండి.

మరో ముఖ్యమైన విషయం. ఉమ్మిలో బాక్టీరియా వదిలే వెసికిల్స్ కూడా ఉంటాయి. అవి దాదాపు 20 నుంచి 250 నానోమీటర్లు. సెఫరోజ్ వీటిని విడదీయలేదు, ఎన్‌టీఏ గుర్తుపట్టలేదు. చిగుళ్ల జబ్బున్నవాళ్ల నోట్లో ఇవి ఎక్కువ. క్యాన్సర్ రోగుల్లో చిగుళ్ల జబ్బు మామూలే, మీ ఆరోగ్యవంతుల గుంపు కాలేజీ పిల్లలైతే కణాల సంఖ్యలో వచ్చే తేడా అంతా చిగుళ్లదే కావచ్చు. అందరికీ చిగుళ్ల స్కోరు రాయండి, గుంపుల్ని వయసుతో పాటు దానితోనూ జతపరచండి.

#6 ప్రాణహిత

మహారాష్ట్రల సిరొంచ దిక్కు నుంచి రాస్తున్న. గడ్చిరోలి, చంద్రపూర్ జిల్లాలల్ల గుడాకు కన్న ఖర్రా ఎక్కువ. సుపారి, తంబాకు, సున్నం కలిపి మలిచి ఇస్తరు. దాంతోని రెండు ఇబ్బందులున్నయి, అందరు గమనించాలె. సున్నం ఉమ్మి పీహెచ్‌ను పెంచుతది. సుపారిల పాలీఫినాల్స్ బీసీఏ ప్రోటీన్ పరీక్షల రాగిని క్షయకరణం చేస్తయి, అంటె ప్రోటీన్ లేకున్నా రంగు వస్తది. మాస్టారు చెప్పిన కణాలు-ప్రోటీన్ లెక్క అక్కడ్నే తప్పుతది. కాలమ్ దాటినంక ఈ చిన్న అణువులు వెనక గొట్టాలల్లకు పోతయి కాబట్టి, ప్రోటీన్ పరీక్షను కాలమ్ తర్వాతి నమూనాతోనే చేయాలె, ముడి ఉమ్మితోని చేయొద్దు.

రెండోది రక్తం తీసేటోళ్లకు. మా దిక్కు, మీ కొరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి దిక్కు సికిల్ సెల్ ఉన్నోళ్లు మస్తుగున్నరు. 2023 జూలైల కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలువెట్టింది గూడ ఇసొంటి గిరిజన జిల్లాల కోసమే. ఈ జబ్బుల ఎర్రకణాలు మామూలు కన్న చానా ఎక్కువ వెసికిల్స్ వదులుతయి. మలేరియాల గూడ గంతే. మీ క్యాన్సర్ గుంపుల ఇద్దరు సికిల్ రోగులుంటే సగటు మొత్తం ఒరిగిపోతది. దీన్నెట్ల సంబాళించాలె?

#7 గోసాని_మాస్టారు

ప్రాణహిత అన్నా, చాలా మంచి ప్రశ్న. ఈ ప్రాంతంలో ప్లాస్మా వెసికిల్స్ మీద పనిచేసేవాళ్లు దీన్ని మొదటి పేజీలోనే రాసుకోవాలి.

చేరేవాళ్లందరికీ సికిల్ సాల్యుబిలిటీ పరీక్ష చేయాలి, పాజిటివ్ వస్తే హిమోగ్లోబిన్ రకాల్ని విడదీసే హెచ్‌పీఎల్‌సీ. సాల్యుబిలిటీ ఒక్కదానితో ట్రెయిట్‌నీ (జన్యువు ఉన్నా జబ్బు లేకపోవడం) జబ్బునీ విడదీయలేం. మలేరియాకు రాపిడ్ కిట్ వాడితే, హెచ్‌ఆర్‌పీ2 యాంటిజెన్ చికిత్స తర్వాత కూడా కొన్ని వారాలు రక్తంలో కనబడుతుందని గుర్తుంచుకోండి. కిట్ పాజిటివ్ అంటే ఇవాళ జ్వరం ఉన్నట్టే కాదు. ఏదైనా సరే, ఆ సమాచారం డేటా షీట్‌లో ఉంటే తర్వాత వేరుచేసి విశ్లేషించవచ్చు.

వెసికిల్ స్థాయిలో, ఎర్రకణాల పొర మీది సీడీ235ఏ ప్రోటీన్‌కి యాంటీబాడీ కట్టిన పూసలతో ఎర్రకణాల వెసికిల్స్‌ని ముందే లాగేయొచ్చు. ఖర్చు పెరుగుతుంది. కనీసం ప్రతి నమూనాలో సీడీ235ఏ ఎంతుందో కొలిచి ఉంచండి.

రక్తం తీసేటప్పుడే ఎర్రకణాలు పగిలితే కూడా ఇదే గొడవ. 21 గేజ్ సూది వాడండి, బ్యాండ్ ఎక్కువసేపు బిగించకండి, మొదటి గొట్టం వేరే పరీక్షకు ఇచ్చేయండి. సిట్రేట్ లేదా ఈడీటీఏ గొట్టం. హెపారిన్ వద్దు, పీసీఆర్‌ని ఆపేస్తుంది. సీరమ్ వద్దు, గడ్డకట్టేటప్పుడు ప్లేట్‌లెట్లు తమ వెసికిల్స్ గుమ్మరిస్తాయి. గొట్టం నిలువుగా పెట్టి, వీలైతే గంటలోపు 2,500 జిలో 15 నిమిషాలు, బ్రేక్ లేకుండా తిప్పండి. ఎర్రకణాల మీది తెల్లపొరకు ఒక సెంటీమీటర్ పైన ఆగి ప్లాస్మా తీసి, మళ్లీ 2,500 జిలో 15 నిమిషాలు. ఈ రెండోసారిని వదిలేసి ఫ్రీజర్‌లో పెడితే, కరిగించినప్పుడు మిగిలిన ప్లేట్‌లెట్లు పగిలి కొత్త వెసికిల్స్ పుడతాయి. తర్వాత ఎంత తిప్పినా ఆ తప్పు దిద్దలేం.

పగిలిందో లేదో చూడ్డానికి 414 నానోమీటర్ల దగ్గర శోషణ కొలవండి. మైక్రో ఆర్‌ఎన్‌ఏలో అయితే మిర్-23ఏ సీటీ (పీసీఆర్‌లో సంకేతం కనబడే వలయం సంఖ్య) నుంచి ఎర్రకణాల్లో ఎక్కువుండే మిర్-451ఏ సీటీ తీసేయండి. తేడా 5 లోపైతే సరే. 7 దాటితే ఆ నమూనాను పక్కన పెట్టండి.

#8 బరంపురం_బయో

చాలా ఉపయోగపడుతోంది. అయితే ఏ గుర్తు కొలవాలి? లాలాజల వెసికిల్స్‌లో మిర్-21, మిర్-24-3పీ, మిర్-412-3పీ పెరిగాయని వేర్వేరు బృందాలు ప్రచురించాయి. వెసికిల్స్ మీద సీడీ63 పెరిగి, సీడీ9, సీడీ81 తగ్గుతాయని కూడా ఉంది.

#9 గోసాని_మాస్టారు

మిర్-21 ఒక్కటే వద్దు. అది వాపు ఉన్నచోటల్లా పెరుగుతుంది. చిగుళ్ల వాపుకూ పెరుగుతుంది, మానని పుండుకూ పెరుగుతుంది. సహాయక గుర్తుగా ఉంచుకోవచ్చు, తీర్పు చెప్పే గుర్తుగా కాదు.

ఇంకా లోతైన సంగతి ఏమిటంటే, శరీర ద్రవాల్లో ఉండే మైక్రో ఆర్‌ఎన్‌ఏలో పెద్ద భాగం వెసికిల్స్ లోపల లేదు, ఏజీఓ2 ప్రోటీన్‌కి అతుక్కుని బయట తిరుగుతుంది. 2011లో ప్లాస్మా మీద వచ్చిన పనిలో ఇది తేలింది. 2014లో మరో బృందం లెక్కేస్తే, ఒక్కో మైక్రో ఆర్‌ఎన్‌ఏ సగటున వెసికిల్‌కి ఒక ప్రతి కూడా లేదు. కాబట్టి "వెసికిల్‌లోని మిర్-24" అని రాయాలంటే అది లోపలే ఉందని చూపించాలి.

చూపించే పద్ధతి ఇది. వేరుచేసిన నమూనాను మూడు భాగాలు చేయండి. ఒకటి అలాగే ఉంచండి. రెండోదానికి ప్రోటీనేజ్ కె, దాన్ని పీఎంఎస్‌ఎఫ్‌తో ఆపి, తర్వాత ఆర్‌ఎన్‌ఏజ్ ఎ. మూడోదానికి ముందు ట్రైటన్ ఎక్స్-100 పోసి పొర పగలగొట్టి, తర్వాత అవే రెండు ఎంజైములు. రెండోదాంట్లో గుర్తు నిలిచి, మూడోదాంట్లో పోతే అది లోపలిదే. రెండోదాంట్లోనే పోతే మీరు కొలుస్తున్నది బయటి సరుకు. బయటి సరుకైనా రోగనిర్ధారణకు ఉపయోగపడవచ్చు, కానీ అప్పుడు వెసికిల్స్ కోసం ఇంత కష్టం ఎందుకు? నేరుగా ఉమ్మిలోనే కొలవండి.

పీసీఆర్‌లో యూ6 ఆర్‌ఎన్‌ఏని పోలికకు ప్రామాణికంగా తీసుకోకండి, వెసికిల్స్‌లో అది నిలకడగా ఉండదు. సమాన పరిమాణం ఉమ్మితో మొదలుపెట్టి, లైసిస్ (పొర పగలగొట్టే) ద్రావణం పోశాకే సెల్-మిర్-39 కృత్రిమ ఆర్‌ఎన్‌ఏ నిర్ణీత మోతాదు కలపండి. ముందే కలిపితే ఉమ్మిలోని ఆర్‌ఎన్‌ఏజ్‌లు తినేస్తాయి. సీటీ 35 దాటిన వాటిని లెక్కలోకి తీసుకోవద్దు.

#10 రాయగడ_ల్యాబ్

వెస్టర్న్ బ్లాట్‌లో సీడీ63 గీతే కనబడని సమస్య చాలామంది అడుగుతుంటారు. ఎన్‌టీఏలో కణాలు బోలెడు, బ్లాట్ ఖాళీ. కారణాలు ఏమై ఉండొచ్చు?

#11 గోసాని_మాస్టారు

మొదటి అనుమానం డైసల్ఫైడ్ బంధాలు తెంచే క్షయకరణి మీద, అంటే డీటీటీ లేదా బీటా-మెర్‌కాప్టో మీద. సీడీ63, సీడీ9, సీడీ81 యాంటీబాడీల్లో చాలావాటికి డైసల్ఫైడ్ బంధాలు చెదరకుండా ఉండాలి. నమూనా బఫర్ నుంచి క్షయకరణి తీసేసి మళ్లీ నడపండి, అవసరమైతే మరిగించకుండా. రెండోది, సీడీ63కి చక్కెరలు ఎక్కువ, 30 నుంచి 60 కిలోడాల్టన్ల మధ్య మబ్బులా వస్తుంది. సన్నటి గీత కోసం చూస్తే కనబడదు. సీడీ9 మాత్రం 25 దగ్గర స్పష్టంగా వస్తుంది.

ఆ రెండూ కాకపోతే కణాల లెక్కే తప్పై ఉంటుంది. పీబీఎస్ ఒక్కదాన్నీ ఎన్‌టీఏలో నడిపి చూడండి. వడకట్టని పీబీఎస్‌లో ఫాస్ఫేట్ రేణువులు బోలెడు. తెర మీద ఫ్రేముకు 20 నుంచి 100 కణాల మధ్య ఉండేలా పలుచన చేసి, కెమెరా లెవల్ అన్ని నమూనాలకూ ఒకటే ఉంచి, 60 సెకన్ల వీడియోలు ఐదు తీయండి. రోగులకు ఒక కెమెరా లెవల్, ఆరోగ్యవంతులకు ఒకటి పెడితే వచ్చేది యంత్రం తేడా.

బ్లాట్‌లో వెసికిల్ లోపలి ప్రోటీన్లు టీఎస్‌జీ101, అలిక్స్‌లలో ఒకటి, సీడీ9/63/81లో ఒకటి, దాంతోపాటు ఉండకూడనిది ఒకటి, అంటే కాల్‌నెక్సిన్, తప్పక పెట్టండి. కాల్‌నెక్సిన్ కనబడితే పగిలిన కణాలు కలిసినట్టే. ఉమ్మిలో అమైలేజ్ కూడా చూడండి.

#12 వంశధార

ఎలైసా (ప్లేట్‌లో యాంటీబాడీతో పట్టి రంగుతో కొలిచే) పద్ధతి కూడా చెప్పండి మాస్టారూ. జిల్లా ఆసుపత్రిలో ఎలైసా రీడర్ దొరుకుతుంది, ఎన్‌టీఏ దొరకదు.

#13 గోసాని_మాస్టారు

డాక్టరుగారు చెప్పినదే ఆచరణకు దగ్గర. సీడీ9 లేదా సీడీ63తో పట్టి, కణితి గుర్తుకు వేరే యాంటీబాడీతో చూసే శాండ్‌విచ్. రెండు వేర్వేరు ప్రోటీన్లు ఒకే పొర మీద ఉంటేనే సంకేతం రావాలి. ఒకే యాంటీబాడీతో నేరుగా పూసిన ప్లేట్‌లో చూస్తే విడిగా తిరిగే ప్రోటీన్ కూడా సంకేతం ఇస్తుంది.

ఇక్కడా ట్రైటన్ పరీక్షే కీలకం. నమూనాలో సగానికి ట్రైటన్ కలిపి అదే ప్లేట్‌లో నడపండి. పొర చెదిరి రెండు ప్రోటీన్లు విడిపోతే సంకేతం పడిపోవాలి. పడకపోతే మీరు చూస్తున్నది వెసికిల్ కాదు. కడిగే ద్రావణాల్లో ట్వీన్ మోతాదు కూడా అందుకే తగ్గించి ఉంచాలి. మామూలు ఎలైసా అలవాటులో ట్వీన్ ఎక్కువ పోస్తే పట్టుకున్న వెసికిల్సే పోతాయి.

ఫ్లో సైటోమీటర్ (కణాల్ని లేజర్ ముందు ఒక్కొక్కటిగా నడిపి చూసే యంత్రం) ఉన్నవాళ్లకు ఒక హెచ్చరిక. పాత తరం యంత్రాలు 300 నుంచి 500 నానోమీటర్ల లోపు కణాన్ని ఒక్కొక్కటిగా చూడలేవు. నమూనా చిక్కగా ఉంటే చాలా వెసికిల్స్ ఒకేసారి లేజర్ ముందుకొచ్చి ఒక్క పెద్ద కణంలా నమోదవుతాయి. 4 మైక్రాన్ల లేటెక్స్ పూసలకు వెసికిల్స్ అతికించి, ఖాళీలు గ్లైసిన్‌తో మూసి చూస్తే ఆ యంత్రమే పనికొస్తుంది.

#14 మహేంద్రతనయ

గణాంకాల వైపు నుంచి. 30 మంది రోగుల్లో 27 మందిని పరీక్ష పట్టుకుందనుకోండి. సెన్సిటివిటీ 90 శాతం అని రాస్తారు. 95 శాతం విశ్వాస పరిధి సుమారు 74 నుంచి 97 దాకా ఉంటుంది. అంటే నలుగురిలో ఒకరిని వదిలేసే పరీక్ష కూడా కావచ్చు. దీన్ని పైలట్ అనండి, నిర్ధారణ పరీక్ష అనకండి.

ఇంకొకటి. శిబిరంలో వాడాలంటే లెక్క మారిపోతుంది. 10,000 మందిని చూస్తే అందులో 10 మందికి క్యాన్సర్ ఉందనుకుందాం. సెన్సిటివిటీ 90, స్పెసిఫిసిటీ (జబ్బు లేనివాళ్లకు లేదని చెప్పడం) 90 ఉన్న పరీక్ష 9 మందిని సరిగ్గా పడుతుంది. క్యాన్సర్ లేని 9,990 మందిలో 999 మందికి ఉందని చెబుతుంది. పాజిటివ్ వచ్చిన 1,008 మందిలో 9 మందికే జబ్బు. మిగతా 999 మంది పర్లాకిమిడి నుంచో కాశీనగర్ నుంచో కూలి మానుకుని, బస్సెక్కి, కటక్ దాకా వెళ్లి ముక్క పరీక్ష చేయించుకోవాలి. అందుకే ముందు నోట్లో టార్చి వేసి చూసి, తెల్ల మచ్చ, ఎర్ర మచ్చ, మానని పుండు ఉన్నవాళ్లలోనే ఈ పరీక్ష పెట్టండి. అక్కడ జబ్బు శాతం ఎక్కువ కాబట్టి పాజిటివ్‌కి విలువ ఉంటుంది.

టార్చి పరీక్షను చిన్నచూపు చూడొద్దు. తిరువనంతపురంలో ఆరోగ్య కార్యకర్తలు కంటితో నోరు చూసిన పెద్ద ట్రయల్ ఫలితాలు 2005లో వచ్చాయి. పొగాకు, మద్యం అలవాటున్నవాళ్లలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయి.

గుంపుల సంగతి కూడా. రోగుల నమూనాలు ఆసుపత్రిలో ఈ ఏడాది, ఆరోగ్యవంతులవి రక్తదాన శిబిరంలో వచ్చే ఏడాది తీస్తే మీరు కొలిచేది క్యాన్సర్ కాదు, గొట్టం, సమయం, ఫ్రీజర్. ప్రతి బ్యాచ్‌లో రెండు గుంపుల నమూనాలూ కలిపి, చీటీ తీసినట్టు వరుస మార్చి, ప్రయోగం చేసేవాళ్లకు ఎవరిది ఏదో తెలియకుండా నడపండి. అసలు పోలిక కూడా ఆరోగ్యవంతులతో కాదు. గుడాకు వాడుతూ, క్యాన్సర్ కాని పుండున్నవాళ్లతో పోల్చాలి. డాక్టరు ముందున్న ప్రశ్న అదే కదా.

#15 ప్రాణహిత

మహేంద్రతనయ చెప్పింది ఒప్పుకుంట. మరి ఇంత కష్టమైతే ఈ పద్ధతి ఎక్కడన్న దవాఖానల వాడుతున్నరా, కాయితాల మీదనేనా?

#16 మహేంద్రతనయ

వాడుతున్నారు. ప్రోస్టేట్ క్యాన్సర్‌కి ఎక్సోడీఎక్స్ అనే మూత్ర పరీక్ష అమెరికాలో ఉంది. మూత్రంలోని వెసికిల్స్‌లో పీసీఏ3, ఈఆర్‌జీ ఆర్‌ఎన్‌ఏలను ఎస్‌పీడీఈఎఫ్‌తో సరిచేసి కొలుస్తారు. 50 దాటిన మగవాళ్లలో, రక్తంలో పీఎస్‌ఏ (ప్రోస్టేట్ ప్రోటీన్) 2 నుంచి 10 మధ్య సందేహంలో ఉన్నవాళ్లకే. స్కోరు 15.6 లోపైతే ముక్క పరీక్ష వాయిదా వేసే ఆలోచన చేయొచ్చు. 2019లో ఎఫ్‌డీఏ బ్రేక్‌త్రూ గుర్తింపు ఇచ్చింది. చూడండి, అది "క్యాన్సర్ ఉందా లేదా" అని ఊరందరికీ చెప్పే పరీక్ష కాదు. ఒక ఇరుకైన ప్రశ్నకు, ఒక నిర్దిష్ట గుంపులో జవాబిస్తుంది. అందుకే నిలబడింది.

ఎదురు ఉదాహరణ పాంక్రియాస్ క్యాన్సర్. 2015లో నేచర్‌లో వచ్చిన పేపర్ గ్లైపికాన్-1 ఉన్న వెసికిల్స్‌తో రోగుల్నీ ఆరోగ్యవంతుల్నీ పూర్తిగా విడదీయగలిగామంది. తర్వాత వేరే చోట్ల చేసిన పనుల్లో ఆ స్పష్టత రాలేదు.

#17 బరంపురం_బయో

ప్రణాళిక మార్చేస్తున్నాం. ఉమ్మి మాత్రమే, టార్చి పరీక్షలో అనుమానం వచ్చినవాళ్లే, అందరికీ ముక్క పరీక్ష ఫలితంతో పోలిక. పుండు నుంచి రక్తం కారుతుంటే ఏం చేయాలి? గునుపూర్, కాశీనగర్ నుంచి నమూనా బరంపురం ఎలా తేవాలి? సమ్మతి పత్రాల మాటేమిటి?

#18 వంశధార

రక్తం కలిస్తే ప్లాస్మా, ఎర్రకణాల వెసికిల్స్ ఉమ్మిలోకి వస్తాయి. 414 శోషణే ఇక్కడా కొలవండి. కంటికి ఎర్రగా కనబడితే ఆ రోజు వదిలి మరో రోజు తీయండి. ముక్క పరీక్షకు ముందే ఉమ్మి తీయాలి, కోసిన గాయం తర్వాత తీసింది పనికిరాదు. ఇది చాలాచోట్ల తలకిందులుగా జరుగుతుంది.

సమ్మతి పత్రం తెలుగు, ఒడియాతో పాటు సవర, కువి మాట్లాడేవాళ్లకు వాళ్ల భాషలో చదివి వినిపించాలి. వేలిముద్ర వేసేవాళ్ల పక్కన అధ్యయనంతో సంబంధం లేని సాక్షి సంతకం ఉండాలి. ఐసీఎంఆర్ 2017 మార్గదర్శకాల ప్రకారం ఇది తప్పనిసరి. వెసికిల్ ఫలితాన్ని రోగికి చెప్పకండి. ఇంకా రుజువు కాని పరీక్షలో నెగటివ్ వచ్చిందని ఎవరైనా ముక్క పరీక్ష మానుకుంటే ప్రాణానికే ముప్పు. ఈ ఒక్క వాక్యం పత్రంలో పెద్ద అక్షరాల్లో ఉండాలని నా పట్టుదల.

#19 గోసాని_మాస్టారు

రవాణాకు: 2,500 జి దాకా అక్కడే తిప్పించి, పైది అర మి.లీ. చొప్పున లో-బైండ్ గొట్టాల్లో పంచండి. ఒకే గొట్టాన్ని పదిసార్లు కరిగించి గడ్డకట్టిస్తే వెసికిల్స్ అతుక్కుపోతాయి, పగులుతాయి. మామూలు పీబీఎస్‌లో వేరుచేసిన వెసికిల్స్‌ని నెలల తరబడి ఉంచితే గొట్టం గోడకు అంటుకుని సంఖ్య పడిపోతుంది. కాలమ్ దాటిన సరుకు దాచాలంటే హెపెస్, హ్యూమన్ ఆల్బుమిన్, ట్రెహలోజ్ కలిపిన పీబీఎస్‌లో మైనస్ 80లో పెట్టండి. కానీ బ్లాట్, ప్రోటీన్ లెక్కకు వాడే భాగంలో ఆల్బుమిన్ వేయకూడదు, దాన్ని ముందే వేరుగా తీయండి.

డ్రై ఐస్ దొరికితే థర్మోకోల్ పెట్టెలో పెట్టి, మూత టేపుతో గట్టిగా మూయకుండా తేవాలి, గాలి బయటికి పోకపోతే పెట్టె పేలుతుంది. దొరకని బ్లాకుల్లో పశువుల ఆసుపత్రిని అడగండి, కృత్రిమ గర్భధారణ కోసం లిక్విడ్ నైట్రోజన్ క్యాన్లు అక్కడ ఉంటాయి. గొట్టాల్ని ద్రవంలో ముంచకుండా పైన ఆవిరిలో వేలాడదీయండి. మూత సందులోంచి ద్రవం లోపలికి పోతే వేడెక్కేటప్పుడు గొట్టం పగిలి ముఖాన పడుతుంది. కళ్లద్దాలు, తోలు చేతితొడుగులు లేకుండా ఆ క్యాన్ తెరవకండి.

#20 రాయగడ_ల్యాబ్

లేబుళ్లు కూడా చూసుకోండి. తడి గొట్టం మీద మామూలు స్టిక్కర్ అతికిస్తే మైనస్ 80లో ఊడి ఫ్రీజర్ అడుగున పడుతుంది. గొట్టం ఆరాక, గడ్డకట్టకముందే క్రయో లేబుల్ అతికించి, మూత మీద కూడా స్పిరిట్‌కి చెరగని పెన్నుతో సంఖ్య రాయండి. పేరు వద్దు, సంఖ్య మాత్రమే. ఆ సంఖ్యల జాబితా ప్రయోగం చేసేవాళ్ల దగ్గర కాకుండా మహేంద్రతనయ చెప్పినట్టు వేరే మనిషి దగ్గర ఉండాలి.